రెండో తువ్వాలు

ఆయన రోజూ ఈత నుంచి తెచ్చే తడి తువ్వాళ్లు రెండూ పిండి బాల్కనీలో ఆరేశాను. పెళ్లయి నలభై రోజులు, ఈ పరాయి దేశానికొచ్చి ఇరవై. ఆయన చొక్కాకి క్లిప్పు పెట్టడం కూడా కాపురమేనని మురిసిపోతాను. మా పెళ్లి ఫోటో చిన్నది ఫోను కవర్లోనే పెట్టుకు తిరుగుతాను. తువ్వాళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒళ్లు మండుతుంది.

బాల్కనీ కిందే విదేశీ ఉద్యోగుల క్లబ్బు, అందులో నీలాల ఈతకొలను. రోజూ ఆరింటికి ఆయన దూకుతుంటే, కొలను ఈ చివర మాత్రమే కనిపించే వంటింటి కిటికీలోంచి ఉల్లిపాయలు తరుగుతూ చూస్తాను. కాలేజీలో ఈత కప్పు రెండేళ్లూ నాదే. ఆయన ఈదితే గేదె గుర్తొస్తుంది, ప్రేమగానే అంటున్నాను. అయినా కుళ్లు! గట్టున కాళ్లాడించే పిల్లల్ని చూసినా, చివరికి నీళ్లలో ఆకులు తీసే మనిషిని చూసినా కుళ్లే.

"క్లబ్బులోకెళ్లడానికి నా కార్డెప్పుడొస్తుందండీ?" అంటే, "వస్తుందిలే బంగారం" అంటారు. అత్తగారేమో ఫోన్లో, "ఇంట్లో నీళ్లు రావట్లేదా అమ్మాయ్? పదిమందిలో ఆ మునకలేంటి? వాడంటే పగలంతా అలిసిపోతాడు" అన్నారు. నేను మాత్రం అలవను, కొత్త పెళ్లికూతుర్ని కదా.

ఈరోజు ఆయన కళ్లజోడు మర్చిపోయారు, ఈతకి పెట్టుకునేది. ఇవ్వొచ్చని సంబరంగా పరిగెత్తాను. కౌంటర్లో అమ్మాయి పుస్తకం చూసి, "మీ ఫ్లాటుకి రెండే కార్డులు. ఇద్దరూ లోపలే ఉన్నారు" అంది.

తొంగిచూస్తే, ఆయన పక్కన వెల్లకిలా తేలుతూ ఆఫీసు స్నేహితుడు, మీసాలాయన. రెండో తువ్వాలు ఎవరిదో అప్పుడర్థమైంది.

"చెల్లెమ్మా! తువ్వాళ్లు భలే మెత్తగా ఉతుకుతున్నావు" అన్నాడు.

మా ఆయన గబగబా గట్టెక్కి గొంతు తగ్గించారు. "వాడుండే చోట క్లబ్బు లేదే. పెళ్లికి ముందే ఇచ్చేశాను. ఇప్పుడడిగితే ఫీలవుతాడు."

"మరి నేను?"

"నువ్వు ఇంటి మనిషివి. అర్థం చేసుకుంటావు."

అర్థం చేసుకున్నాను. మీసాలాయన ముందు చెయ్యి చాపాను. "అన్నయ్యా, నా కార్డు."

అతను మా ఆయన వంక ఓసారి చూసి, గట్టుమీది సంచీలోంచి తీసిచ్చాడు. దాని బదులు నా పేరున కొత్త కార్డివ్వడానికి కౌంటరమ్మాయి ఫోటో అడిగింది. ఫోను కవరు విప్పి, కత్తెర అడిగి, పెళ్లి ఫోటోలో నా సగం కత్తిరించి ఇచ్చాను.

"రేపు ఆరింటికి ఉల్లిపాయలు మీరు తరగండి" అని, ఆయన సగాన్ని మళ్లీ కవర్లో భద్రంగా పెట్టుకున్నాను.