అరచేతుల చప్పుడు వినపడేంత దూరం

అపనేకా కొండమీద రోజూ సాయంత్రం పొగమంచు దిగుతుంది. అది దిగేలోపే నికొలాసా పిండి కలుపుకుని పొయ్యి ముందు చేరుతుంది. మొక్కజొన్న పిండి ముద్దలో బీన్స్, చీజ్ కూరి, అరచేతుల మధ్య తపతపా తట్టి పెనం మీద పుపూసాలు కాలుస్తుంది. ఊరికంతటికీ ఆ తపతపే దారి. ఆమె చేతి పుపూసా ఒక్కటి తిన్నా చాలు, కాఫీ తోటల్లో ఎంత లోపల చిక్కుకున్నా ఆ చప్పుడు చెవిన పడుతుంది, దాన్ని పట్టుకుని ఇల్లు చేరతారు. కాకపోతే చేత్తో తినాలి. ఫోర్కుతో తిన్నవాళ్లకి వినపడదు. ఎందుకని ఎవరూ అడగరు. వానొస్తే గొడుగు విప్పినట్టే, మంచు దిగితే చెవులు రిక్కిస్తారు.

నికొలాసా కూతురు డెల్మీ చాలా ఏళ్లు మిలాన్‌లో ఉండి, నిన్ననే ఎనిమిదేళ్ల కూతురితో తిరిగొచ్చింది. ఆ పిల్ల, మరిసేలా, పళ్లెంలోకి అనుమానంగా చూసింది.

"ఇది పిజ్జాయేగా? పైన వేయాల్సినవి లోపల దాచేశారేంటి?"

"దాస్తేనే రుచి తల్లీ," అంది నికొలాసా. "తుంచుకుని తిను."

"చేతులు జిడ్డవుతాయి. ఫోర్కు లేదా?"

పిల్ల మూతి ముడిచేసరికి నికొలాసా ప్రాణం ఉసూరుమంది. పక్కింటాయన చేపే దగ్గరికి వెళ్లి ఫోర్కు అడిగి తెచ్చింది.

డెల్మీ నోరు వెళ్లబెట్టింది. "ఏంటమ్మా ఇది? అదే నేనడిగితే వీపు విమానం మోత మోగించేదానివి."

"అసలు కంటే వడ్డీ ముద్దు. నువ్వూరుకో."

మరిసేలా ఫోర్కుతో రెండు ముక్కలు గుచ్చుకు తిని లేచింది. నికొలాసా ఇంకో వేడి పుపూసా కాగితంలో చుట్టి చేతికిచ్చింది. పిల్ల పెరట్లోకి పోయి, "రా, రా" అంటూ చేపేవాళ్ల కుక్కని పిలవడం కిటికీలోంచి వినపడింది. పుపూసా కుక్కపాలవుతోందని నికొలాసాకి కష్టం తోచింది. అయినా విననట్టే ఊరుకుంది.

ఆ రోజు మంచు తొందరపడింది. కాసేపటికి కుక్క ఒక్కటే మూతి నాక్కుంటూ తిరిగొచ్చింది.

తోట చివర లోయ ఉంది. మగవాళ్లు పేరు పెట్టి పిలుస్తూ వెళ్లారు. పిలుపులు నాలుగు చెట్లు దాటకుండానే మంచులో కలిసిపోతున్నాయి. ఊళ్లో రేడియోలన్నీ కట్టేశారు.

"కొట్టు నికొలాసమ్మా, కొట్టు," అన్నాడు చేపే.

ఆమె అప్పటికే తడుతోంది. డెల్మీ గడప పట్టుకుని ఏడ్చింది. "దానికి వినపడదమ్మా! ఫోర్కుతో తిందిగా!"

నికొలాసా ఇంకా గట్టిగా తట్టింది. ఆ ఫోర్కు తెచ్చింది తనే. పిల్ల ముద్దు చెల్లించబోయి పిల్లనే పోగొట్టుకుంటానేమో అనుకుంది. పిండి అయిపోయింది. ఉత్త చేతులే తట్టింది. అరచేతులు కందిపోయాయి. ఒక్క క్షణం ఆపితే ఆ క్షణంలోనే పిల్ల అడుగు తప్పుతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా పీల్చింది.

మంచులోంచి ముందు ఎర్ర స్వెట్టరు కనపడింది, తర్వాత పిల్ల. డెల్మీ ఒక్క ఉరుకున వెళ్లి వాటేసుకుంది.

"ఎలా వచ్చావే?"

"సగం కుక్కకి పెట్టాను. అది పారిపోయింది. ఎటు చూసినా తెల్లగా ఉంది. కూర్చుని ఏడ్చాను. ఆకలేసి మిగతా సగం తినేశాను." జిడ్డు వేళ్లు స్వెట్టరుకి తుడుచుకుంది. "అప్పుడు అమ్మమ్మ చప్పట్లు వినపడ్డాయి. నేను పోతున్న వైపు కాదు, వెనకనుంచి. అందుకే వెనక్కి తిరిగాను."

చేపే నెత్తిమీద టోపీ తీసేశాడు.

నికొలాసా పిల్లనే చూస్తోంది. చేతులు మాత్రం ఆగడంలేదు, తపతపా కొట్టుకుంటూనే ఉన్నాయి. మరిసేలా వచ్చి ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుంది.

"వచ్చేశానుగా అమ్మమ్మా, ఇంక ఆపు."