మిర్చి వేడి కాదు

మిల్లులో తొడిమలు తీస్తూ తీస్తూ మిర్చి కుప్ప మీద చిలుకమ్మ ఒరిగిపోతే, ఆమె జాగాలో ఇంకో ఆడమనిషిని కూర్చోబెట్టాడు మేస్త్రీ శేఖర్. పని ఆగొద్దన్నాడు. పక్కనే పనిచేస్తున్న కోడలు సుకన్య ఆమెను ఆటోలో వేసుకుని దవాఖానకు పరుగెత్తింది.

పరీక్షకిచ్చిన మూత్రం టీ డికాషన్‌లా ఉంది. మిర్చి వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లతో సరిపెట్టుకున్నానంది చిలుకమ్మ. డాక్టరమ్మ కోప్పడింది. లేత పసుపైతే ఫికరు లేదు, చిక్కటి పసుపైతే ఒంట్లో నీళ్లు చాలనట్టు, ఎరుపు తిరిగితే నెత్తురు పడుతుండొచ్చు, వెంటనే రావాలి. నీళ్లు తాగక, ఆపుకొని ఆపుకొని రోగం కిడ్నీలకెక్కింది. మళ్లీ ముదిరితే ప్రాణానికే ముప్పంది.

సుకన్యకు ఒళ్లు మండింది. రాజేశ్వర్ రావు మిల్లులో తొడిమలు తీసే ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఉన్న ఒక్కటీ ఆఫీసుది, దానికెప్పుడూ తాళమే. అందుకే పనిలోకొస్తే గుక్క నీళ్లు ముట్టరు.

మర్నాడు అన్నాల వేళ ఆమె కాలు నిలవలేదు. అందరి మధ్య నిలబడి అడిగేసింది.

"మా అత్తకు ఎర్రగ పోతాంది. మీకెట్ల పోతాంది?"

కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్లతో పనిచేసే కృపమ్మ నవ్వలేదు.

"నాకు చిక్కగ, మంటతోని పోతాంది. ప్రార్థన చేసుకుంటాన గని ఎవలకు చెప్పలే."

తనకూ అంతేనని ఇంకొకామె, ఆ వెనక మరొకామె. ఇన్నాళ్లూ అందరూ మిర్చినే తిట్టుకున్నారు, ఎదురుగా ఉన్న తాళాన్ని కాదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. దొడ్డి తాళం తియ్యమని అడుగుదాం పదండని సుకన్య అంటే మళ్లీ కృపమ్మే వెనక్కి తగ్గింది, పని పోతే ఏం తింటామని.

"కిడ్నీలు పోతే ఏం తింటవ్ అక్కా?" అంది సుకన్య.

తెల్లారి అందరూ నీళ్ల సీసాలతో వచ్చి కడుపునిండా తాగారు. పొద్దెక్కేసరికి తొడిమలు వదిలేసి ఆఫీసు ముందుకు చేరారు. ఎవరూ కుదురుగా నిలబడలేకపోతున్నారు. రాజేశ్వర్ రావు బయటికొచ్చి సుకన్యకు తాళంచెవి చాపాడు.

"మీ అత్త సంగతి విన్న. నువ్వొక్కదానివి పోయిరా. కడమోళ్లు పనికి నడువున్రి."

సుకన్యకు పొత్తికడుపు పగిలిపోతోంది. చెయ్యి సగం లేచింది కూడా. దించుకుంది.

"ఎర్రగైనంకనే ఇస్తవా సారూ? అందరికి తియ్యి."

ఆయన తలుపేసుకుని పోలీసులకు ఫోన్ చేశాడు. అప్పుడు కదిలింది కృపమ్మ. మిర్చి ఆరబోసే పట్టాను లాక్కొచ్చి, ముగ్గురి చేత మూడు కొసలు పట్టించి, నాలుగోది తాను పట్టుకుని, ఆఫీసు గుమ్మం ముందే చుట్టూ మరుగు కట్టింది. ముందు నువ్వు పో బిడ్డా అని సుకన్యను లోపలికి నెట్టింది.

జీపు దిగిన ఎస్సై ఇదేమిటని గద్దించాడు.

"మా లెట్రిన్ సారూ. దీనికి తాళం లేదు," అంది కృపమ్మ.

పట్టా దించమన్నాడు, కేసు పెడతానన్నాడు. సుకన్య బయటికొచ్చి కృపమ్మ చేతిలోని కొస అందుకుంది. కృపమ్మ లోపలికెళ్లింది. వెనక వంతు కోసం నిలబడ్డ ఆడవాళ్ల వరుస ఒక అడుగు ముందుకు జరిగింది.