ఎర్ర తలపాగా

"జైసల్మేర్ కోటలో ఏ ఇంటికీ గడియ ఉండదండీ, అన్నీ మీ ఇళ్ళే!" అని గొప్పలు పోతూ గైడ్ జేఠమల్ యాత్రికులను మగన్ బాబాయి ఇంట్లోకి తోలుకొచ్చాడు.

లోపల చాపల మీద మగవాళ్ళు చావింట చుట్టే తెల్ల తలపాగాలతో, తలలు వంచుకుని కూర్చున్నారు. బాబాయి పోయాడని జేఠమల్‌కు అప్పుడే తెలిసింది. రెండు సందుల అవతలే ఉంటూ ఏడాదిగా ఈ గడప తొక్కలేదు. ఇప్పుడు చూస్తే నెత్తిన యాత్రికుల కోసం చుట్టిన ఎర్ర తలపాగా!

బాబాయి కొడుకు తేజ్‌కరణ్ లేచొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"కబురు వినగానే తలపాగా కూడా మార్చకుండా పరుగెత్తుకొచ్చావా అన్నా? నాన్న ఆఖరిదాకా నిన్నే అడిగాడు."

"అవునురా," అన్నాడు జేఠమల్, నేల చూస్తూ.

వెనక నుంచి ఓ యాత్రికుడు కెమెరా ఎత్తాడు.

"గైడ్ గారూ, ఆయన్ని కాస్త ఇటు తిరగమనండి!"