అంచున సగం మనిషి

"ఉద్యోగం పోతే పోనీండి సార్! నన్ను దొంగ అంటే మాత్రం ఊరుకోను!"

మెరుపు అరుపుకి న్యూస్‌రూమ్ అంతా తలలు తిప్పింది. ఫ్లాష్ లేకుండా ఒక్క ఫొటో కూడా తీయడని ఆ ఫొటోగ్రాఫర్‌కి ఆ పేరు. మెడలోని కెమెరా తీసి ఎడిటర్ బల్లమీద పెట్టేశాడు. పక్కనే నిన్నటి పేపరు పడి ఉంది. మొదటి పేజీలో తగలబడుతున్న గోడౌన్, పొగలోంచి బయటపడుతున్న కూలీలు, బార్లా తెరిచిన ఇనప గేటు. గేటు దగ్గర ఎవరూ లేరు.

"గోడమీద ఒకే పగులు రెండుచోట్ల ఉందని నెట్లో జనం దుమ్మెత్తి పోస్తున్నారు. నువ్వు దిద్దకపోతే మరి ఎవరు దిద్దినట్టు?" అన్నాడు ఎడిటర్.

"కుడివైపు ఎవరో గేటు పట్టుకుని ఉన్నారు సార్. నేను పంపిన ఫొటోలో ఉన్నాడు. పొగలో మొహం, బట్టలు ఆనలేదు."

"కెమెరా కార్డు చూపించు."

"పొద్దున్నే మ్యాచ్‌కి తరిమారుగా. చెరిపేసి వాడాను."

గోడ వారగా కుర్చీలో ఆ గోడౌన్ వాచ్‌మన్ భార్య కూచుని ఉంది. గేటుకి తాళం వేసి పారిపోయాడని ఆమె భర్తను పోలీసులు లోపలేశారు. గేటు తానే తీశానని గోడౌన్ యజమాని వాంగ్మూలం ఇచ్చాడు.

"గేటు తీసింది నేనేనని మా ఆయన మొత్తుకున్నాడట. పేపర్లో నువ్వెక్కడున్నావో చూపించమన్నారట పోలీసులు," అంది. "మీరు ఆయన్నెందుకు తీసేశారమ్మా?"

ఆ ప్రశ్న వేసింది చిట్టిని. ఫొటో డెస్కుకి ఇన్‌చార్జి ఆమె. ఇంట్లో బాబాయి పిలిచే పేరే ఆఫీసంతా అంటుకుంది. చూసొస్తానని డెస్కుకి నడిచింది.

స్క్రీన్ మీద ఫొటోను పెద్దది చేసింది. గేటుకి ఎడమవైపు గోడమీద కొమ్మలా చీలిన పగులు. కుడివైపు కూడా అదే పగులు, కానీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

ఆ పనితనం ఆమెకి కొత్త కాదు. "ఉన్నదున్నట్టు అతికిస్తే దొరికిపోతాం. తిప్పి అతికించు, ఎవడి తాతా పట్టుకోలేడు," అంటూ నేర్పింది బాబాయే. నాన్న పోయాక తనని ఈ డెస్కుకి తీసుకొచ్చిందీ ఆయనే. మొహాల మీద ముడతలు మాయం చేస్తాడని ఆఫీసులో ఆయన పేరు ఇస్త్రీ బాబాయి.

వార్త ఫొటోలో వెలుగు సరిచేయవచ్చు, అంచు కోయవచ్చు, లోపలిది మాత్రం ముట్టుకోకూడదు. ఆ నియమం రాసి గోడకి అంటించింది చిట్టే. ఆదివారం పేజీలో కరెంటు తీగలు, చెత్తకుండీలు మాయమైనప్పుడు "అదిరింది బాబాయ్" అన్నదీ చిట్టే. ఆ తీగల దగ్గరే ఆపి ఉంటే!

పక్క సీట్లో ఆయన ఒక ఆటగాడి చెంపను నున్నగా చేస్తున్నాడు.

"బాబాయ్, గేటు పక్కనున్న మనిషిని తీసేశావా?"

"మనిషేంటే? ఒక భుజం, ఒక చెయ్యి. తలకాయ ఫ్రేము బయటుంది. మొదటి పేజీలో సగం మనిషేం బాగుంటాడు?"

"అంచు కోసెయ్యకపోయావా?"

"కోస్తే గేటు పోతుంది. ఆ ఫొటోకి గేటే ప్రాణం."

"అసలు ఫైలు ఉందా?"

"దానిమీదే సేవ్ చేశాను. ఎప్పుడూ చేసేదేగా."

"వాడు వేసుకున్న చొక్కా?"

ఆయన చెయ్యి మౌస్ మీద ఆగింది. "ఖాకీ. భుజాన ఈల తాడు."

"అది చూసింది ఇప్పుడు నువ్వొక్కడివే. వచ్చి చెప్పు బాబాయ్."

"వచ్చే నెల రిటైరవుతున్నానే. దండ వేసి పంపాల్సినవాళ్ళు మెడపట్టి గెంటుతారు. మెరుపు చిన్నవాడు, ఇంకోచోట దొరుకుతుందిలే."

"వాడికి దొరుకుతుంది. లోపలున్నవాడికో?"

ఆయన మౌస్ పక్కకి నెట్టాడు. చిట్టి లేచాక ఆమె వెనకే వచ్చి, ఎడిటర్ గది గుమ్మం దగ్గర నిలబడిపోయాడు.

"తేలిందా?" అన్నాడు ఎడిటర్. "తేలకపోతే మెరుపు పేరు పెట్టి క్షమాపణ వేసేస్తాను."

చిట్టి వెనక్కి తిరిగి చూసింది. బాబాయి నోరు తెరుస్తాడేమోనని ఆగింది. ఆయన తన వేళ్ళనే చూసుకుంటున్నాడు. ఆ వేళ్ళు పట్టుకునే తను ఈ గదిలోకి మొదటిసారి వచ్చింది.

వాచ్‌మన్ భార్య లేచి నిలబడింది. "అమ్మా, ఆయన్ని చూసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

"ఉన్నారమ్మా." చిట్టి గుమ్మం వైపు చూపించింది. "చూసిందీ, చెరిపిందీ ఒక్కరే. మా బాబాయి."