అరిగిన చైన్‌కి ఆకురాయి

వీధంతా వదిన అని పిలిచే ఆ వడ్రంగికి ఆ పొద్దున కాళ్ళు నేల మీద నిలవడం లేదు. గాలివానకి ఆమె ఇంటిముందు ముసలి చెట్టు కూలింది. రోడ్డుకి అడ్డమొచ్చిన కొమ్మలు కోసేసిన కలప డిపో లారీ డ్రైవర్ మానుని మాత్రం అక్కడే వదిలి, "పక్కవీధి చూసుకుని వస్తానమ్మా. ఈలోగా నువ్వు కోసుకున్నంత నీది, మిగతాది మా డిపోకి" అని చెప్పి వెళ్ళాడు.

మానంటే అలాంటిలాంటి మాను కాదు. పగులు లేదు, పుచ్చు లేదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ వదిన రెండు పెట్టెల మీద పాత తలుపొకటి పరిచి దానిమీదే పని చేస్తోంది. చిత్రిక పడితే అటు ఊగుతుంది, ఉలి కొడితే ఇటు ఊగుతుంది. గట్టి పనిబల్ల ఒకటి చేసుకోవాలని ఆమెకెంత ఆశో! ఇప్పుడా కలప గుమ్మం ముందే పడి ఉంది. ఒక్క కోత పడితే చాలు.

ఆ ఒక్క కోతే పడటం లేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న చైన్ రంపం గొంతు చించుకుని అరుస్తోందే గాని, పేళ్ళు రావడం లేదు, పిండి రాలుతోంది. పొద్దున్నే కదా సాన పట్టింది! మొగుడు షాపులో చైన్ రకం చెప్పి మరీ తెచ్చిన కొత్త ఆకురాయితో ప్రతి పన్నూ తనే అరగదీసింది.

"ఇంకా గట్టిగా నొక్కు వదినా!" అరుగు మీంచి ఆడబిడ్డ సలహా పారేసింది. గోళ్ళకి రంగు వేసుకుంటోంది. ఇంట్లో ఆమె పేరే రంగులరాణి.

"నొక్కితే నీ పీక నొక్కుతా! పన్నుకి పదునెక్కితేనా?"

పక్కవీధిలో డిపోవాళ్ళ రంపం మోత ఆగింది. ఇక లారీ ఇటే వస్తుంది.

వదిన పనిముట్ల పెట్టె బోర్లించింది. ఇంకో రెండు గుండ్రటి ఆకురాళ్ళు దొర్లాయి. ఒకటి కొత్తదానికంటే కాస్త సన్నం, రెండోది మరీ పుల్ల. వీటిలో ఏది? తప్పుదానితో చైనంతా గీస్తే ఉన్న పళ్ళు కూడా పోతాయి. దిక్కుతోచక తలెత్తితే ఆడబిడ్డ గోటి మీద ఎర్రరంగు తళుక్కుమంది.

"ఆ సీసా ఇలా తే!"

"అమ్మో, నిన్ననే కొన్నా!"

"తేవే తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

ఆకురాయికొకటి చొప్పున మూడు పళ్ళకి లోపలి వంపులో రంగు పూసింది. ఆడబిడ్డ ఉఫ్ ఉఫ్‌మని ఊది ఆరబెట్టింది. కొత్త ఆకురాయితో ఒక్కసారి గీస్తే పై అంచున మాత్రమే రంగు పోయింది, కిందంతా అలాగే ఉంది. పుల్లలాంటిది అడుగున గోకింది గాని అంచుని తాకనే లేదు. మధ్యది జర్రున జారింది. అంచు నుంచి అడుగు దాకా రంగు ఊడ్చుకుపోయి ఇనుము తెల్లగా మెరిసింది.

"దొరికిందే!" వదిన ఎగిరి గంతేసింది. "మీ అన్నయ్య తెచ్చింది కొత్త చైన్‌కైతే సరిపోయేదే. ఇది అరిగి అరిగి పన్ను పొట్టిదైపోయింది. పన్ను తగ్గాక ఆకురాయీ సన్నబడాలి కదా! ఇంతసేపూ నా బుర్రకి తట్టలేదు చూడు!"

ఆడబిడ్డ చైన్ జరుపుతూ పోతే వదిన పన్ను తర్వాత పన్ను గీసింది. ఆఖరి పన్ను మీద ఉండగానే మలుపులో లారీ హారన్ మోగింది.

"నువ్వు కోయి వదినా, వాళ్ళ సంగతి నేను చూసుకుంటా!" ఆరని గోళ్ళు గాల్లో ఆడిస్తూ ఆడబిడ్డ వెళ్ళి లారీకి అడ్డంగా నిలబడింది.

రంపం ఆనించిందో లేదో, పేళ్ళు! పొడుగాటి పేళ్ళు కాళ్ళ మీద, జుట్టులో, ఒళ్ళంతా! నొక్కే పనే లేదు, రంపం దానంతటదే దిగిపోతోంది. వదిన పిచ్చిదానిలా నవ్వుతూ కోసింది. ధన్‌మని మొద్దు విడిపోయింది.

డ్రైవర్ వచ్చి మొద్దు మీద చెయ్యేసి చూశాడు. "మాటంటే మాటే, ఇది నీదే. కానీ ఇంత బరువు లోపలికెలా చేరుస్తావమ్మా?"

వదిన మొద్దు వంక, గుమ్మం వంక చూసింది. ఆ సంగతి ఆమె ఆలోచించనే లేదు.

"మీ లారీకి క్రేన్ ఉందిగా అన్నా, కాస్త గోడవతల దించి పెట్టరూ?" అంది ఆడబిడ్డ. "మా వదినకి ఊగని బల్ల కావాలి."

వదిన కళ్ళు నిండిపోయాయి. బల్ల ఊగుతోందని ఆమె ఆ ఇంట్లో ఎవరితోనూ ఎన్నడూ అనలేదు.