మూతలు బిగించిన సీసాలు

షెడ్డు తలుపు బయటికి తెరుచుకుంటుంది. బయట చేరిన నీళ్లు దాన్ని కదలనివ్వడం లేదు. కిటికీకి ఇనుప కమ్మీలు. తుఫాను వచ్చేలోగా బస్తాలను తాళ్లతో కట్టేసి పోదామని వచ్చాం నేనూ, చెల్లెలూ, దాని అత్తగారూ. సముద్రం మాకంటే తొందరపడింది.

ఒడ్డుకు కొట్టుకొచ్చే ప్లాస్టిక్ ఏరి, కడిగి, వేరుచేసి అమ్మడం వాళ్ల బతుకుదెరువు. నా భార్య పోయాక నేనూ అక్కడే చేరాను. చేతికి పనుంటే పగలు గడుస్తుంది.

నీళ్లు పిక్కలు దాటాయి. అటక మీదికి నిచ్చెన ఉంది కానీ, అత్తగారి మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. ఇద్దరం పట్టి ఎక్కించబోతే మెట్టు విరిగింది.

"మీరెక్కండి. నా సంగతి నే చూసుకుంటా," అందావిడ.

"చూసుకుంటారు లెండి. మీరు పోతే నా వంటకు వంకలెవరు పెడతారు?" అంది చెల్లెలు.

దాని చూపు మూలనున్న ఖాళీ సీసాల మీద ఆగింది. అన్నీ మూతలు విప్పేసినవి. మూతల ప్లాస్టిక్ వేరు, సీసాలది వేరు. కలిస్తే ఎవరూ కొనరు. పొద్దస్తమానం కూర్చుని వాటిని విప్పేది అత్తగారే.

"అన్నయ్యా, మూతలు బిగిస్తే తేలతాయి కదా. నీళ్లే అత్తయ్యను అటక దాకా లేపుతాయి."

ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టి, మూతల తొట్టి ఒళ్లో పెట్టాం. ఆ మసక వెలుతురులో ఏ మూత ఏ సీసాదో మాకు తెలియడం లేదు. ఆవిడ వేళ్లతో తడిమి అందిస్తోంది.

"విప్పి విప్పి చేతులరిగాయి. ఇప్పుడు బిగించాలట. ముందే చెబితే వదిలేసేదాన్నిగా," అని సణిగింది. ఆ సణుగుడు వింటుంటే కాస్త ధైర్యంగా ఉంది.

మూతలు బిగించిన సీసాలను బస్తాల్లో నింపి, వాటిని దబ్బనంతో జతగా కుట్టి, బల్ల మీద పరిచి, ఆవిడను వాటి మీదికి జరిపాం. నీళ్లు మా ఛాతీకొచ్చాయి. బస్తాలు ఒకసారి ఒరిగి, మళ్లీ తేరుకుని తేలాయి. చెల్లెలు అటకెక్కలేదు. అత్తగారి కాలు పట్టుకుని నిలబడింది.

అటక అంచు ఆవిడ చేతికి ఇంకాస్తలో అందుతుందనగా నీళ్లు ఆగాయి. చాలాసేపు అలాగే ఉండి, మెల్లగా తీశాయి.

అయినా తలుపు రాలేదు. బయట బురద మేట వేసింది. పార పట్టుకుని వచ్చిన పక్కింటావిడ కమ్మీల్లోంచి తొంగిచూసింది.

"అదేంటి పిన్నీ, సింహాసనమా? మాకూ ఒకటి కుట్టిస్తారా? మా మామగారూ మెట్లెక్కలేరు."

చెల్లెలు నా వంక చూసింది. అత్తగారు మాత్రం బస్తాల మీంచి కదల్లేదు.

"కుడుతుందిలే మా కోడలు. ముందా తలుపు తియ్యమ్మా. బేరం బయట మాట్లాడుకుందాం."