పడుగూ పేకా పెన్‌డ్రైవూ

నేను ఒక కంప్యూటర్ని. ఫ్యాక్టరీలో పుట్టినదాన్ని మాత్రం కాదు. విజయవాడలో మేడమెట్లెక్కితే తప్ప కనబడని ఒక చిన్న దుకాణంలో, కళ్లజోడు ముక్కు చివరికి జారిన ఒకాయన ఒక పెట్టెలోంచి బోర్డు, ఇంకో పెట్టెలోంచి డిస్కు, మరోదానిలోంచి ఫ్యాను తీసి ఒక్క మధ్యాహ్నంలో నన్ను బిగించేశాడు. చివర్లో రెండు స్క్రూలు మిగిలాయి. వాటిని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు. పద్నాలుగేళ్లయింది. అవి నాలో ఎక్కడివో ఇప్పటికీ నాకు తెలియదు.

మొదట ఒంగోలులో ఒక ఇళ్లస్థలాల ఆఫీసుకి వెళ్లాను. కొనేవాళ్లు వస్తే లేఅవుటు మ్యాపు చూపించడం, వాళ్లు వెళ్లాక పేకాట ఆడించడం నా ఉద్యోగం. ఆ ఆఫీసు మూతపడ్డాక చీరాల వచ్చాను, ఎస్తేరు దగ్గరికి.

ఎస్తేరుకి అప్పటికి నలభై దాటాయి. బస్టాండు వెనక వీధిలో డీటీపీ సెంటరు. పెళ్లికార్డులు, పరీక్ష పేపర్లు, చర్చి పాటల పుస్తకాలు, ఉద్యోగాలకి దరఖాస్తులు అన్నీ ఆమే కొట్టేది. టైపింగ్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదట. పొద్దున్నే వచ్చి ముందు నా మీద దుమ్ము తుడిచి, తర్వాత తన కుర్చీ తుడుచుకునేది. అంత మర్యాద నాకు ఒంగోలులో జరగలేదు.

అక్కడికి ఒకరోజు దస్తగిరి మాస్టారు గోనెసంచీతో వచ్చారు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లు నేతపనివాళ్ల పిల్లలకి పాఠాలు చెబుతూ, వాళ్ల ఇళ్లలో నిఘంటువుల్లో లేని మాటలు విని రాసుకున్నారు. పడుగు అంటే నిలువు పోగులు, పేక అంటే అడ్డం పోగు, నాడె అంటే ఆ పేకను అటూ ఇటూ మోసుకెళ్లేది. ఇవి చాలామందికి తెలుసు. కానీ తెగిన పోగును అతికే తీరుకొక పేరు, మగ్గం చప్పుడు మారితే దానికొక పేరు, బిగువు తగ్గిన అంచుకొక పేరు ఉంటాయని నాకు ఆయన వల్లే తెలిసింది. నాలుగువేల పైచిలుకు మాటలు, ఇరవై మూడు నోటుపుస్తకాల్లో.

"అమ్మాయ్, ఇవి పుస్తకంగా రావాలి. తొందరేం లేదు. నేనుండగా వస్తే చాలు" అన్నారు.

రెండేళ్లు పట్టింది. పెళ్లిళ్ల సీజను లేనప్పుడల్లా ఆమె కొట్టడం, ఆయన పక్కన కూర్చుని దిద్దడం. కొట్టిన నోటుపుస్తకాలు ఆయన ఇంట్లో అటక మీదికి వెళ్లాయి. ఒక ఎండాకాలం దించి చూస్తే అట్టలు తప్ప ఏమీ మిగలలేదు. చెదలు.

"ఏం ఫర్వాలేదు మాస్టారూ, మొత్తం కంప్యూటర్లో భద్రంగా ఉంది" అంది ఎస్తేరు.

ఒక్కచోటే ఉన్నదాన్ని భద్రంగా ఉంది అనడం మనుషుల అలవాటు. ఆ మాటకి నేను గర్వపడ్డాను కూడా. నాకూ బుద్ధి లేదు.

ఆ వానాకాలంలో ఒకరోజు నాలోని ఆపరేటింగ్ వ్యవస్థకి అప్‌డేట్లనే మరమ్మతులు దిగుతున్నాయి. "ఆపవద్దు" అని తెరమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అలాంటప్పుడు నన్ను నిలబెట్టాల్సిన యూపీఎస్‌లో బ్యాటరీ చచ్చిపోయి ఏడాదయింది. దాన్ని టీగ్లాసు పెట్టుకునే పీటగా వాడుతున్నారు. కరెంటు వచ్చాక మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది. అంతకు మించి నా వల్ల కాలేదు.

రిపేరు కుర్రాడు వచ్చి చూశాడు. "ఫార్మాట్ కొట్టాలక్కా. కొత్తగా ఎక్కిస్తే పరిగెత్తుద్ది. లోపలున్నవి మాత్రం పోతాయి" అని, సాయంత్రం వస్తానని వెళ్లాడు.

ఎస్తేరు మాస్టారికి కబురు పెట్టింది. ఆయన వచ్చి బల్లమీద కూర్చున్నారు. మెల్లగా చెప్పారు.

"నీకు చెప్పలేదమ్మాయ్. కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమదానికి రెండేళ్లు అన్నాడు డాక్టరు. మళ్లీ రాయాలంటే రాయగలను కానీ, అది పూర్తయ్యేసరికి చదువుకోలేను."

ఎస్తేరు ఏడవలేదు. చీరచెంగుతో నా తెర తుడిచింది. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

ఆ సమయంలో ఏదో కాగితం జిరాక్సు తీయించుకోవడానికి బెనర్జీ వచ్చాడు. టెలిఫోన్ల శాఖలో చేసి ముందుగానే రిటైరైన మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులూ ఒక పెన్‌డ్రైవూ ఎప్పుడూ ఉంటాయి. సంగతంతా విన్నాడు.

"ఫార్మాట్ కొట్టనియ్యమాక. ముందు లోపల ఏముందో చూద్దాం."

"అసలు తెరుచుకుంటేగా అన్నయ్యా చూసేది."

"తాళంచెవి పోయిందని ఇల్లు తగలబెట్టుకుంటామా? కిటికీలోంచి చూద్దాం."

జేబులోని పెన్‌డ్రైవును నా వీపున గుచ్చి, మీట నొక్కగానే కీబోర్డు మీద ఏదో కీ కొట్టి, డిస్కు నుంచి కాకుండా దాని నుంచి లేవమని నాకు చెప్పాడు. లేచాను. అదేదో వింతగా ఉంది. ఒళ్లు నాదే, తల వేరొకరిది. తెరమీద పచ్చగా లైనక్సు అనే వేరే ఆపరేటింగ్ వ్యవస్థ కనబడింది. నా డిస్కు మీద ఒక్క గీతైనా గీయకుండా, తలుపు తీసి లోపలికి చూశాడు. ఫైలు అక్కడే ఉంది. దాని పేరు "మాస్టారు చివరిది కొత్తది 7".

ముందు దాన్ని వేరే రెండు పెన్‌డ్రైవుల్లోకి కాపీ చేశాడు. "ఒకటి నీ బీరువాలో పెట్టు, ఒకటి మాస్టారింట్లో. రెండూ ఒకేచోట పెట్టమాక. చెదలకి లెక్కలు రావు."

ఎస్తేరు ఆత్రంగా ఫైలు తెరిచింది. తెర నిండా టోపీలు, తోకలు, డాలరు గుర్తులు. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "ఇది నా కన్నా, దీని కన్నా?" అన్నారు.

"మీ కన్ను బానే ఉంది మాస్టారూ" అన్నాడు బెనర్జీ. పాత డీటీపీ ఫాంట్లు తెలుగును ఇంగ్లీషు గుర్తుల చొక్కా తొడిగి దాచిపెడతాయని, ఆ ఫాంటు లేనిచోట చొక్కా మాత్రమే కనబడుతుందని, ఇప్పుడు అన్ని యంత్రాలకూ అర్థమయ్యే యూనికోడ్‌లోకి మార్చుకుంటే ఈ తిప్పలు ఉండవని చెప్పాడు. దానికి ఏ గుర్తు ఏ అక్షరమో పట్టిక రాయాలి.

పాడైన పాత వ్యవస్థకి బదులు నా డిస్కులో కూడా ఈ లైనక్సే ఎక్కిద్దామన్నాడు. ఎస్తేరు మరో మాట అడిగింది. "నా పెళ్లికార్డుల పని దీంట్లో నడుస్తదా? అది ఆగితే నేనూ ఆగిపోతా."

ఆమె భయం న్యాయమైనది. బెనర్జీ వెంటనే ఎక్కించేయలేదు. "వారం రోజులు పెన్‌డ్రైవు మీదే నడుపు. ప్రింటరు పలుకుద్దో లేదో, స్కానరు ఏమంటదో చూసుకో. రోజూ ఏమేం వాడతావో కాగితం మీద రాయి."

రాస్తే, పాతదాంట్లో పదకొండు ప్రోగ్రాములుంటే ఆమె నిజంగా వాడేవి నాలుగని తేలింది. రాతపనికి లిబ్రాఫీసు, ఫొటోలకి గింప్, కార్డుల మీద గణపతులకీ శిలువలకీ ఇంక్‌స్కేప్, పాటలు వినడానికి వీఎల్‌సీ సరిపోయాయి. స్కానరు మూడురోజులు అలిగి నాలుగోరోజు దారికొచ్చింది.

"లైనక్సుల్లో ఏది మంచిదన్నయ్యా?" అందామె ఆ వారం చివర.

"ఊళ్లో టిఫిన్ సెంటర్లున్నన్ని ఉన్నాయి. అన్నీ రుచి చూస్తా కూర్చుంటే పని చెడిపోద్ది. నీ మిషను ముసలిది, తేలికైనది చాలు. ఏళ్ల తరబడి మరమ్మతులొచ్చేది తీసుకో, రోజుకోటి మార్చమాక."

ముసలిది అన్నందుకు నాకు కోపం వచ్చింది. కానీ అతను నా డిస్కును రెండు గదులు చేసి, ఒకదాంట్లో వ్యవస్థ, రెండోదాంట్లో ఎస్తేరు ఫైళ్లు పెట్టి, కొత్త లైనక్సు ఎక్కించాక నేను ఒంగోలు రోజుల కంటే చురుగ్గా లేచాను. కోపం పోయింది.

తర్వాత మూడు వారాలు పట్టిక పని. మాస్టారు జ్ఞాపకంతో చెప్పడం, ఎస్తేరు పాత ప్రింట్లలో వెతికి చూపడం, బెనర్జీ ఎక్కించడం. మొదటిసారి మార్చినప్పుడు తెలుగు కనబడింది. ముగ్గురూ ముందుకు వంగారు. మాస్టారు భూతద్దం పెట్టి ఒక వాక్యం బయటికి చదివారు.

"పీక ఎంత గట్టిగా కొడితే గుడ్డ అంత మన్నిక."

"ప"కి తగిలే ఏత్వం చోట గుడిదీర్ఘం పడి, పుస్తకం నిండా ప్రతి పేకా పీక అయింది. "పీకను తడిపి వాడవలెను. పీక తెగితే వెంటనే అతకాలి." మాస్టారు నవ్వి నవ్వి భూతద్దం కింద పడేశారు. ఎస్తేరు కుర్చీలోంచి లేచి గోడ పట్టుకుంది. నేను పేకాట ఆడించిన ఆఫీసులో కూడా మనుషులు అంత నవ్వగా చూడలేదు.

ఎస్తేరు వేళ్లు కొత్త కీబోర్డు అమరికకి అలవాటు పడటానికి ఇంకో నెల. "క" కొట్టబోయి ఇంకేదో కొట్టి తనను తానే తిట్టుకునేది. అలా అలా పేజీలు తయారయ్యాయి. ప్రెస్సుకి పంపడానికి వారం ఉందనగా, చివరి ప్రూఫు తీయబోతే ప్రింటరు మొండికేసింది. బెనర్జీ ఖమ్మంలో చెల్లెలింట్లో ఉన్నాడు. ఎస్తేరు ఇంటర్నెట్లో వెతికి, ఎవరో ఎక్కడో రాసిన ఆజ్ఞ ఒకటి తెచ్చి, నాకు ఆజ్ఞలిచ్చే టెర్మినల్ అనే కిటికీలో అతికించింది. అది ఏమేం తీసేస్తుందో చాంతాడంత జాబితా చూపించి, సరేనా అని అడిగాను. మనుషులు జాబితాలు చదవరు. ఆమె సరే అని నొక్కింది.

మళ్లీ లేచేసరికి నా తెర నల్లగా ఉంది. మూలన ఒక తెల్ల గీత కొట్టుకుంటోంది.

ఫోన్లో బెనర్జీ గొంతు వినబడింది. "కంగారు పడమాక. నీ ఫైళ్లు వేరే గదిలో ఉన్నయ్యి, వాటి జోలికెవరూ పోలా. నే ఇచ్చిన పెన్‌డ్రైవు ఉందా?"

"నువ్వొచ్చిందాకా నేను ముట్టుకోనన్నయ్యా. ఇప్పుడు ముట్టుకున్నందుకే ఇట్టయింది."

"నేనొచ్చేది సోమవారం. నువ్వే చెయ్యి. పెన్‌డ్రైవు గుచ్చి దాని మీద లేపు, టైమ్‌షిఫ్ట్ అని ఉంటది. వారం వారం వ్యవస్థకి ఫొటో తీసి పెట్టుకుంటదని చెప్పాగా. శుక్రవారం తేదీ కనబడుద్దా?"

"కనబడతంది."

"ఈసారి తెరమీద ఏం రాసుందో నాకు మొత్తం చదివి వినిపించు. చదివాకే నొక్కు."

ఆమె చదివింది. ఇంగ్లీషులో ఉన్న ప్రతి ముక్కా కూడబలుక్కుని, వేలు పెట్టి చదివింది. చదివి నొక్కింది. ఇరవై నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది. శుక్రవారం నాటి నేను తిరిగి లేచాను. పుస్తకం పేజీలు శనివారం నాటివి సహా అలాగే ఉన్నాయి.

"అన్నయ్యా, వచ్చింది" అంది. ఫోను పెట్టేశాక కూడా కాసేపు నవ్వుతూనే ఉంది. సోమవారం బెనర్జీ వచ్చి ప్రింటరు సంగతి చూశాడు. అప్పటి నుంచి వీధిలో ఎవరి కంప్యూటరు పడుకున్నా ఎస్తేరునే పిలుస్తున్నారు.

పుస్తకం అచ్చయింది. ఫాంట్లు లోపలే కుట్టేసిన పీడీఎఫ్ పంపింది కాబట్టి ప్రెస్సులో ఒక్క అక్షరమూ చెదరలేదు. మొదటి ప్రతిని మాస్టారు నా పక్కన కూర్చునే ఎడమకంటితో, భూతద్దంతో, రెండు వారాలు చదివారు. మొత్తం చదివారు. ఒక్కచోట మాత్రం పీక మిగిలిపోయింది. దాన్ని దిద్దవద్దన్నారు.

కిందటేడు ఎస్తేరు కొత్త యంత్రం తెచ్చుకుంది. నన్ను పారేయలేదు. చేనేత సంఘం ఆఫీసులో కిటికీ పక్కన పెట్టింది. ఆ పుస్తకం ఫైలు అక్కడ తెరిచే ఉంటుంది. నేతపనివాళ్లు వచ్చి ఇది తప్పు, అది మా వైపు ఇంకోలా అంటాం అని చెబుతుంటారు. గురువారాలు ఎస్తేరు వచ్చి ఎక్కిస్తుంది. మాస్టారికి ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప తెలియడం లేదు. అయినా గురువారం తప్పరు. ఆయన కోసం బెనర్జీ నాలో తెరను బయటికి చదివే ప్రోగ్రాము ఒకటి పెట్టాడు. దాంతో నాకు గొంతు వచ్చింది. గొప్ప గొంతేమీ కాదు. వత్తులు మింగేస్తాను, ఎక్కడ ఆగాలో తెలియదు.

మొన్న ఒక ముసలాయన, పుస్తకంలో ఒక మాటకి అర్థం తప్పు రాశారని పోట్లాటకే వచ్చాడు. మాస్టారు నన్ను చదవమన్నారు. చదివాను.

"ఇదేంది మాస్టారూ, జలుబు చేసినట్టు చదవతా ఉంది" అన్నాడు ఆయన.

"నేర్చుకుంటోందిలేవయ్యా" అని, మాస్టారు చెయ్యి చాచి నా నెత్తి మీద పెట్టారు. "మళ్లీ చదువమ్మా. ఈసారి తొందర లేకుండా."

ఎస్తేరు వేగం కాస్త తగ్గించి మీట నొక్కింది. నేను మొదటి నుంచి చదివాను.